అందరూ పడుకున్నాక వంటింట్లో

వంటల పేజీలున్న పత్రికలో తిండి గురించి రాస్తున్నామంటే, ఎలా వండాలో చెబుతామనే అనుకుంటారు ఎవరైనా. ఈ వారం వండడం సంగతి పక్కన పెడదాం. తినడం గురించి మాట్లాడుకుందాం. అదీ నలుగురితో కూర్చుని తినే తిండి గురించి కాదండోయ్. ఇంట్లో అందరూ పడుకున్నాక లైటు వెయ్యకుండా, డబ్బా మూత చప్పుడు కానివ్వకుండా, అలమార దగ్గర నించునే తినేసే తిండి గురించి. ఈ మాట చదవగానే మీలో కొందరికి గుండె గుభేలుమని ఉంటుంది. పేజీ తిప్పెయ్యకండి. ఇలాంటివాళ్ళు మీరనుకున్నంత తక్కువేం కాదు.

పండగపూట నాలుగు బూరెలు ఎక్కువ తిని "అమ్మో, ఇక లేవలేను" అని నడుం వాల్చడం జబ్బు కాదు. ఆవకాయ కలిపిన రోజున ఆ బేసినులోనే వేడన్నం కలుపుకుని ఆకలికి మించి తిన్నా జబ్బు కాదు. అందులో సంతోషం ఉంది, పక్కన మనుషులున్నారు, తిన్నది రుచిగా తెలిసింది. నేను చెప్పేదాన్లో ఈ మూడూ ఉండవు. ఆకలి కూడా ఉండకపోవచ్చు. ఒక సున్నుండతో మొదలవుతుంది. రెండోది, మూడోది. తరవాత పిల్లల బిస్కట్లు. పొద్దున్న మిగిలిన ఇడ్లీలు పచ్చడి కూడా లేకుండా. గిన్నెలో చల్లారిపోయిన అన్నం. ఇక ఏమీ కనిపించకపోతే గుప్పెడు పంచదారో, చెక్కిన బెల్లమో. ఏం తింటున్నామో నాలిక్కి తెలియదు, చెయ్యి మాత్రం ఆగదు. పొట్ట నొప్పెట్టాక ఆగుతుంది. అసలు బాధ అప్పుడు మొదలవుతుంది. ఖాళీ ప్యాకెట్టు చెత్తబుట్టలో అడుక్కి తోసెయ్యాలి. డబ్బాలో మిగిలిన నాలుగూ నిండుగా కనబడేలా సర్దాలి. తనమీద తనకే అసహ్యం. "రేపణ్ణించి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను" అని ఒట్టు. ఆ ఒట్టు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దానిదగ్గరికి వద్దాం.

దీనికి మన భాషలో ఉన్న మాటలన్నీ తిట్లే. తిండిపోతు, కక్కుర్తి, జిహ్వచాపల్యం. డాక్టర్లు మాత్రం దీన్ని జబ్బుగానే చూస్తున్నారు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1955లో రాత్రిపూట తిండి గురించీ, 1959లో ఇలా ఒక్కసారిగా ఆపుకోలేకుండా తినడం గురించీ రాశాడు. అయినా దాన్ని విడిగా ఒక జబ్బని అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో చేర్చడానికి 2013 దాకా పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టికలోనూ ఇప్పుడది ఉంది. పేరు బింజ్ ఈటింగ్ డిజార్డర్. పేరు ఇంగ్లీషుదే కానీ జబ్బు ఇంగ్లీషువాళ్ళది కాదు.

గుర్తు పట్టడం కష్టమేం కాదు. కాసేపట్లోనే మామూలు మనిషి తినలేనంత తినెయ్యడం, తింటున్నంతసేపూ ఆపడం తన చేతుల్లో లేదనిపించడం, ఈ రెండూ ముఖ్యం. వీటికి తోడు గబగబా మింగెయ్యడం, ఆకలి లేకుండా తినడం, పొట్ట బిగిసేదాకా తినడం, సిగ్గుపడి ఒంటరిగా తినడం, తిన్నాక కుంగిపోవడం, వీటిలో ఓ మూడైనా ఉండి, వారానికి ఒక్కసారైనా చొప్పున మూడు నెలలు సాగితే డాక్టరు దీన్ని జబ్బుగా లెక్కేస్తాడు. చాలామందికి పదహారు, పద్ధెనిమిదేళ్ళ వయసు నించీ ఇరవయ్యోపడి లోపల మొదలవుతుంది. బయటపడేసరికి పెళ్ళై, పిల్లలు పుట్టి, నలభై ఏళ్ళు వచ్చేసి ఉంటాయి. మగవాళ్ళకీ వస్తుంది. లావుగా ఉన్నవాళ్ళందరికీ ఈ జబ్బు ఉంటుందనుకోకండి, ఈ జబ్బు ఉన్నవాళ్ళందరూ లావుగానూ ఉండరు. సన్నగా ఉన్న అమ్మాయి కదా, ఆవిడకేం ఉంటుంది అని తోసిపుచ్చకూడదు.

పట్టిసంలో నాకు వరసకి వదిన ఒకావిడ ఉంది. పట్టిసీమ అనండి, పట్టిసం అనండి, గోదారి మధ్యలో కొండమీద వీరభద్రస్వామి ఉండే ఊరు. శివరాత్రి వస్తే గోదారి రెండువైపుల నించీ జనమే జనం. పడవెక్కి కొండకి వెళ్ళేవాళ్ళు, ఇసకలో పడుకుని జాగారం చేసేవాళ్ళు. రేవుకి దగ్గర ఇల్లు ఉన్నవాళ్ళ పని చెప్పక్కర్లేదు. కాళ్ళు కడుక్కోడానికి వచ్చినవాళ్ళు, సామాన్లు పెట్టుకునేవాళ్ళు, మర్నాడు భోజనానికి ఉండిపోయే చుట్టాలు. మా వదిన ఉపవాసం ఉండి మరీ అందరికీ కాఫీలూ, పిల్లలకి టిఫిన్లూ, తెల్లారి పారణకి పులిహోర, గారెలు, పరవాణ్ణం చేసి పెట్టేది. శివరాత్రి ఒక్కటే కాదు. సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు. కార్తీకమాసంలో చుక్కని చూసి తినడం. దానికి తోడు, షుగరు వచ్చేలా ఉంది బరువు తగ్గమని డాక్టరు చెప్పాడని మామూలు రోజుల్లోనూ రాత్రి భోజనం మానేసింది. అయినా మనిషి తగ్గకపోగా ఏటికేడాది లావెక్కుతోంది. "ఉపవాసాలుండీ అలా ఉందంటే మరి ఏం తింటుందో" అని చుట్టాలు ఆవిడ చెవిన పడేలాగే అనేవాళ్ళు.

ఒకసారి ఇద్దరం పెరట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి గొంతు తగ్గించి అంది.

"వదినా, నేను దొంగతనం చేస్తున్నాను."

"అదేం మాట వదినా, ఎవరింట్లో?"

"మా ఇంట్లోనే."

నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఇరవై రెండేళ్ళుగా చేస్తోందట ఆ దొంగతనం. చుట్టాల పిల్లలకని చేసిన జంతికలు రాత్రికి రాత్రి సగం తినేసి, తెల్లవారుఝామున లేచి మళ్ళీ పిండి కలిపి వేసి డబ్బా నింపిందట ఎవరికీ తెలియకుండా. అన్నయ్యకి తెలుసా అంటే, "ఆయనకి చెప్పేకంటే ఆ గోదాట్లో దూకడం నయం" అంది. నేను ఇంకేమీ అనలేదు. గింజలు తియ్యడం అయ్యేదాకా ఆవిడ చెబుతూనే ఉంది.

మీరిక్కడ ఒకటి గమనించాలి. ఆవిడ ఎక్కువ తినే రాత్రులు ఏవో తెలుసా? ఉపవాసం ఉన్న మర్నాడూ, భోజనం మానేసిన రోజూ. మరీ తిన్నాక ఏం చేసేది? ఇంకో ఉపవాసం. ఆ ఒట్టు సంగతి గుర్తు పెట్టుకోమన్నాను కదా, అదే ఇది. తినడానికి శిక్ష మాడడం, మాడినందుకు ఫలితం మళ్ళీ తినడం. గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో మనసు బలహీనత ఎంత, ఒళ్ళు చేసే పని ఎంత అని అనుమానం వస్తే, ఒక పాత ప్రయోగం చెబుతాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని ఎంచుకున్నాడు. యుద్ధంలో పస్తులున్న జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చెయ్యాలో తెలుసుకోవడం ఆయన ఉద్దేశం. ఆ కుర్రాళ్ళు ఒంట్లోనూ మనసులోనూ గట్టివాళ్ళు, ఇష్టపడి వచ్చినవాళ్ళు. వాళ్ళకి 24 వారాలు సగం కడుపుకే పెట్టారు. రోజుకి సుమారు 1,600 కేలరీలు. ఏమైందనుకున్నారు? కొన్నాళ్ళకి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకపోయింది. కలలో తిండి, మాటల్లో తిండి. అంతకుముందు గరిటె పట్టి ఎరగనివాళ్ళు వంటల పుస్తకాలు కొనుక్కుని రాత్రిళ్ళు చదువుకున్నారు. చివరికి కావలసినంత తినమన్నాక కొందరు కడుపు పట్టనంత తిని, ఇంకా ఆకలే అన్నారు. జబ్బుపడేలా తిన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఎవరూ తిండిపోతులు కారు. మాడిన ఒళ్ళు తన బాకీ వసూలు చేసుకుంది, అంతే.

మన డైటు చార్టుల్లో 1,200 కేలరీలని రాసినవి మీరు చూసే ఉంటారు. ఆ కుర్రాళ్ళు మాడినదానికంటే అది తక్కువే. మగవాళ్ళ లెక్క, ఆడవాళ్ళ లెక్క ఒకటి కాదనుకోండి, అయినా ఆలోచించాల్సిన సంగతే.

డైటు ఊసే ఎత్తని ఇళ్ళలో కూడా ఇల్లాలి మాడుడు ఉంటూనే ఉంటుంది. పొద్దున్న అయిదింటికి లేచి కాఫీ. పిల్లల బాక్సులు, ఆయన క్యారేజీ, అత్తగారి టిఫిను. తనది పదకొండుకి, అదీ మిగిలితే. మధ్యాహ్నం అందరూ అయ్యాక రెండున్నరకి. రాత్రి టీవీ అయ్యి, వంటిల్లు సర్ది, పాలు తోడుపెట్టేసరికి పదకొండు. పగలంతా వడ్డించిన చెయ్యి, అప్పుడే కాస్త ఒంటరిగా దొరుకుతుంది. "ఆ పావుగంటే నాది" అంది మా వదిన. ఆ మాట నాకింకా మనసులో తిరుగుతోంది. తిండి మాత్రమే కాదు, ఆ పావుగంట కూడా ఆవిడకి కావాలి.

మన గోదావరి జిల్లాల్లో పెట్టే చేతికి ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా లేకుండా, ఎవరొచ్చినా కాదనకుండా అన్నం పెట్టి అపర అన్నపూర్ణ అనిపించుకున్నారు. 2024లో మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. చేతులెత్తి మొక్కదగ్గ మనిషి. కానీ పెట్టే చేతిని పొగిడే మనం, ఆ చెయ్యి తన నోటికి ఎప్పుడు వెళ్ళిందో అడగడం అలవాటు చేసుకోలేదు. అన్నపూర్ణకి ఆకలి వేస్తే ఆవిడకి చెప్పుకునే చోటు ఉండాలి కదండీ.

సరే, వైద్యం ఏమిటి? ఆశ్చర్యంగా ఉంటుందిగానీ, మొదటి మందు తినడమే. వేళకి తినడం. రోజుకి మూడు పూటలా తిండి, మధ్యలో రెండుసార్లు చిన్న ఫలహారం. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడు, నాలుగు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు. మన ఇళ్ళకి తగినట్టు చెప్పుకుంటే, ఎనిమిదింటికి పిల్లలతోపాటే మీరూ కూర్చుని పెసరట్టో, దిబ్బరొట్టె ముక్కో. పదకొండుకి గ్లాసుడు మజ్జిగ. ఒంటిగంటకి అన్నం, పప్పు, కూర, పెరుగు. సాయంత్రం నాలుగున్నరకి గుప్పెడు శనగల గుగ్గిళ్ళో, చక్రకేళీ పండో. రాత్రి ఎనిమిదికి భోజనం. షుగరు ఉన్నవాళ్ళు ఏది ఎంతో డాక్టరుని అడిగి మార్చుకోవాలి, వేళలు మాత్రం ఇవే. "రాత్రి అంత తిన్నాక పొద్దున్న మళ్ళీ తినమంటారా?" అని మీకు అనిపిస్తుంది. అవును, సరిగ్గా ఆ పొద్దున్నే తినాలి. ఆ ఒక్క టిఫిను మానేస్తే గానుగ మళ్ళీ తిరుగుతుంది. మొదటి రెండు వారాలూ భయంగా ఉంటుంది, లావెక్కిపోతానేమో అని. రాత్రి తిండి తగ్గుతున్న కొద్దీ ఆ భయం దానంతటదే సర్దుకుంటుంది.

రెండోది ఒక నోటుబుక్కు. పాలపద్దు రాసే పుస్తకంలో వెనక పేజీలైనా సరే. తిన్న వెంటనే రాయాలి, రాత్రికి గుర్తు తెచ్చుకుని కాదు. ఎన్నింటికి, ఏం తిన్నాను, ఎక్కడ తిన్నాను, దానికి ముందు ఏం జరిగింది. కేలరీలు రాయక్కర్లేదు, తిట్లు అసలే వద్దు. ఓ నెల రాసేసరికి మీకే తెలుస్తుంది. మా వదినకి తెలిసినదేమిటంటే, ఉపవాసాలు కాక, ఆదివారం రాత్రుళ్ళు. కొడుకు వారానికోసారి హైదరాబాదు నించి మాట్లాడేది ఆదివారం. ఫోను పెట్టేశాక ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టు ఉండేదట. అది తెలిశాక ఆవిడ కొడుకుని పొద్దున్న పూట ఫోను చెయ్యమంది. అంత చిన్న మార్పు.

తినాలన్న తహతహ వచ్చినప్పుడు అది ఇక ఎప్పటికీ తగ్గదనిపిస్తుంది. తగ్గుతుంది. ఓ అరగంట గడిపితే చాలాసార్లు దానంతటదే దిగుతుంది. ఆ అరగంట వంటింట్లో మాత్రం గడపకండి. అరుగుమీదికి వెళ్ళి కూర్చోండి, పళ్ళు తోముకోండి, చెల్లెలికి ఫోను చెయ్యండి, వేణ్ణీళ్ళు పోసుకోండి. తప్పించుకోలేకపోతే కంచంలో పెట్టుకుని, కూర్చుని, లైటు వేసుకుని తినండి. నమ్మరుగానీ, లైటు వేస్తేనే సగం తగ్గుతుంది. ఇక డబ్బాలు అటకెక్కించి తాళం వేసి తాళంచెవి ఆయనకి ఇచ్చెయ్యడం అనే ఉపాయం ఉంది చూశారూ, దానిమీద నాకు నమ్మకం లేదు. తాళం వేసిన పెట్టె మరీ గుర్తొస్తుంది. నెలకి సరిపడా చిరుతిళ్ళు ఒకేసారి చేసి నిలవ పెట్టడం మాత్రం కొన్నాళ్ళు మానండి. పావుకిలో చేసుకుంటే పండగ ఆగిపోదు.

బరువు చూసుకునే మిషను ఇంట్లో ఉంటే వారానికి ఒక్కసారి చాలు. రోజూ ఎక్కితే ఆ ముల్లే మీ రోజుని నడిపిస్తుంది. ఇంకో మాట, ఇది చాలామంది డాక్టర్లు కూడా చెప్పరు. ఇంగ్లండులో 2017లో వచ్చిన వైద్య సూచనల్లో, ఈ జబ్బుకి చేసే మానసిక వైద్యం బరువు తగ్గించడం కోసం కాదనీ, దానివల్ల బరువు పెద్దగా తగ్గకపోవచ్చనీ రోగికి ముందే చెప్పమన్నారు. ముందు ఆ రాత్రులు ఆగాలి. బరువు సంగతి తరవాత.

ఆ సూచనల్లోనే, మొదట పుస్తకం సాయంతో తనకి తాను చేసుకునే వైద్యం, మధ్యమధ్య ఒకరి తోడ్పాటుతో చెయ్యమన్నారు. ఇప్పుడు చెప్పిన వేళలూ, నోటుబుక్కూ ఆ పద్ధతిలోవే. ఆక్స్‌ఫర్డ్ మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ 1995లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం దీనికి బాగా పేరున్నది. మీ అమ్మాయో, అబ్బాయో ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళైతే తెప్పించమనండి. దానితో నెలరోజుల్లో మార్పు లేకపోతే, ఆలోచనలనీ అలవాట్లనీ సరిచేసే సి.బి.టి. అనే చికిత్స ఉంది. కొన్ని మందులూ ఉన్నాయి, కానీ అవి డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. పక్కింటావిడ చీటీ చూసి కొనుక్కోకండి. థైరాయిడు, షుగరు పరీక్షలు ఎలాగూ చేయిస్తారు. మీరు వాడే వేరే మందులేమైనా ఉంటే అవీ చెప్పండి, స్టెరాయిడ్లలాంటి కొన్ని మందులు ఆకలి పెంచుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎవరో ఒకరికి చెప్పడం ఒక ఎత్తు. ఈ జబ్బు చీకట్లో బతికేది. ఇంకో మనిషికి తెలిసిన రోజు నించీ దాని బలం తగ్గుతుంది. ఎవరికి చెప్పాలి? భర్తకే చెప్పాలని రూలేమీ లేదు. మీ మాట విని, వెంటనే సలహా ఇవ్వకుండా ఉండగల మనిషి ఎవరో ఆలోచించండి. ఆడపడుచు కావచ్చు, డ్వాక్రా గ్రూపులో పక్కన కూర్చునే ఆవిడ కావచ్చు, పెద్దకూతురు కావచ్చు. పెళ్ళికాని చిన్నపిల్లల మీద మాత్రం ఈ బరువు పెట్టకండి. చెప్పేటప్పుడు అంతా చెప్పక్కర్లేదు. "రాత్రిళ్ళు తినడం ఆపుకోలేకపోతున్నాను, నువ్వేమీ చెయ్యక్కర్లేదు, విను చాలు" అంటే సరిపోతుంది.

బయటి దేశాల్లో ఇలాంటివాళ్ళు ఒకచోట కూడి మాట్లాడుకునే సంఘాలున్నాయి. ఓవర్‌ఈటర్స్ అనానిమస్ అని 1960లో లాస్ ఏంజెలెస్‌లో ఒక గృహిణి మొదలుపెట్టింది. తాగుడు మానేవాళ్ళ సంఘాల పద్ధతిలోనే నడుస్తుంది, పేర్లు చెప్పుకోరు, ఫీజు లేదు. ఇప్పుడు ఫోన్లోనూ, ఇంటర్నెట్లోనూ కూడా సమావేశాలు పెడుతున్నారు. కొన్ని తిండి పదార్థాలు పూర్తిగా మానెయ్యాలని అక్కడ కొందరు పెట్టుకునే నియమం అందరికీ పడకపోవచ్చు. మానెయ్యడమే మన రోగానికి మూలమైనప్పుడు నాకైతే అది కాస్త అనుమానమే. తోడు దొరుకుతుందన్నది మాత్రం నిజం.

మన వైపు నించి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే, వైద్యకళాశాలలకి అనుబంధంగా ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. కాకినాడలో ఎప్పటినించో ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో కూడా 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని ఇంట్లో ఎవరైనా అంటే, గుండెకి గుండె డాక్టరున్నట్టే అని చెప్పండి. అంత దూరం కుదరకపోతే ముందు ఫోను. 14416. టెలి మానస్ అని 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రాత్రి పదకొండున్నరకి అలమార ముందు నించుని ఉన్నప్పుడు కూడా చెయ్యొచ్చు. "నాకు తినడం ఆగడం లేదండీ" అని మొదలుపెట్టండి చాలు.

కొన్ని సంగతులకి మాత్రం ఆలస్యం పనికిరాదు. తిన్నది గొంతులో వేలు పెట్టి కక్కెయ్యడం, విరేచనాల మాత్రలు మింగడం ఉంటే అది బులీమియా అనే వేరే జబ్బు. ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె కొట్టుకోవడమే తేడా చెయ్యొచ్చు. కాలేజీ హాస్టల్లో ఉండే ఆడపిల్లల తల్లులు ఈ మాట చెవిన వేసుకోండి, భోంచేసిన వెంటనే ప్రతిసారీ బాత్‌రూములోకి వెళ్ళే పిల్లని గమనించండి, గద్దించకండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పాలి, ఆ నంబరుకి ఫోను చెయ్యాలి. మా వదిన గోదారి మాట ఎత్తినప్పుడు నేను దాన్ని మాటవరస అని తీసెయ్యకుండా, "నిజంగా అనిపించిందా వదినా?" అని అడిగాను. ఒకటి రెండుసార్లు అనిపించిందంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది.

ఇంట్లోవాళ్ళకి రెండు ముక్కలు. ఇల్లాలి కంచంలోకి చూసి వ్యాఖ్యానాలు చెయ్యకండి. "ఇంకా పెట్టుకుంటున్నావా?" అన్నా, "పాపం, తిననీ" అన్నా ఒకటే. పెళ్ళిళ్ళలో "బాగా ఒళ్ళు చేశావే" అని పలకరించే పెద్దవాళ్ళు ఆ మాట బదులు "ఎలా ఉన్నావమ్మా" అంటే నష్టమేమీ లేదు. డబ్బాలు లెక్కపెట్టకండి. చెయ్యగలిగితే రాత్రి వంటిల్లు సర్దడం మీరు అందుకుని, ఆవిడని ముందు పడుకోనివ్వండి.

ఇక ఉపవాసాలు. ఇక్కడ చాలామందికి ఇబ్బంది. వైద్యం జరిగే నెలల్లో కటిక ఉపవాసం వద్దనే నా మాట. ముసలివాళ్ళకీ, రోగులకీ, గర్భిణులకీ ఉపవాసం అక్కర్లేదని మన పెద్దలే చెబుతారు. ఇది రోగమే. మా వదిన ఆ ఏడు శివరాత్రికి అత్తగారి దగ్గర కూర్చుని, "డాక్టరు గారు ఖాళీకడుపున ఉండద్దన్నారండీ అత్తయ్యగారూ" అంది. అంతకంటే వివరం చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అందరికీ వంట చెయ్యడానికి ఒక మనిషిని పెట్టుకుని, పాలూ పళ్ళూ వేళకి తీసుకుని, పడవెక్కి కొండమీదికి వెళ్ళి కూర్చుంది. ఉపవాసమంటే దేవుడి దగ్గర ఉండడమనే కదా అర్థం చెబుతారు. ఇన్నేళ్ళూ వంటింట్లోనే ఉండిపోయి, శివరాత్రి రోజున స్వామి దర్శనం చేసుకోవడం అదే మొదటిసారి అంది.

ఆవిడకి పూర్తిగా నయమైపోయిందని చెప్పను. రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పదహారు వారాలు వెళ్ళింది, కొవ్వూరు దాకా బస్సు, అక్కణ్ణించి వంతెన మీదుగా ఆటో. వారానికి నాలుగు రాత్రులు ఉండేది, ఇప్పుడు నెలకి ఒకటో రెండో. సంక్రాంతి అరిసెలప్పుడు ఒకసారి బాగా తిరగబెట్టింది. అప్పుడు నాకు ఫోను చేసి "వదినా, మళ్ళీ చేశాను" అంది. ఎన్నింటికి పడుకున్నావు అంటే ఒంటిగంటకంది. పొద్దున్న టిఫిను తిన్నావా అంటే, ఉప్మా పొయ్యిమీద ఉందని చెప్పింది.